మిడిల్ డ్రాప్ అంటే ఒక యూరియా బస్తా

పేకాటకో భాష ఉంది. మట్కాకో భాష ఉంది. సెల్‌ఫోన్లోకి దిగిన క్యాసినోకి ఇంకో భాష. వినడానికి అన్నీ ఆట మాటల్లాగే ఉంటాయి. వాటి అసలు అర్థం తెలిసేది మాత్రం ఇంట్లోవాళ్లకే. మార్కాపురం, కంభం, గిద్దలూరు దారిలో ఆ మాటల వెంట ఓ ప్రయాణం...

‘‘అల్లుడూ, నీకు ఇంగ్లీషు మాటలు తెలుసు గదా. మావోడి ఫోన్లో ఏందేందో రాసుంది. ఒకసారి వచ్చి చూసి చెప్పిపో నాయనా.’’

గిద్దలూరు పక్కన పల్లె నుంచి మా అత్త ఫోను. అత్త అంటే మా మేనమామ భార్య. ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు.

‘‘ఏం మాటలత్తా?’’ అనడిగాను.

‘‘బోనసంట. వేజరంట. లైవ్ క్యాసినోనంట. బోనసంటే పండక్కి పనోళ్లకిచ్చేది గదా, వీడికెవరిచ్చినారు?’’

ఆ మాట వినగానే విషయం అర్థమైంది. ఆ వారమే బయల్దేరాను.

ముక్క కలిసినట్టే!

గుంటూరు నుంచి నంద్యాల వెళ్లే రైలు వినుకొండ దాటిందంటే కిటికీలో బొమ్మ మారిపోతుంది. కాలువల కింది పచ్చదనం వెనకబడి ఎర్రనేలలు, రాళ్ల గుట్టలు, తుమ్మచెట్లు మొదలవుతాయి. దొనకొండ, గజ్జెలకొండ దాటితే మార్కాపురం రోడ్డు. ఆ తర్వాత తర్లుపాడు, కంభం, గిద్దలూరు. 1970లో కొత్త జిల్లా కట్టినప్పుడు కర్నూలు జిల్లా నుంచి విడదీసి ఇటు కలిపిన ప్రాంతం ఇది. అందుకే ఇక్కడి మాటలో సీమ యాస వినబడుతుంది. నీళ్ల కష్టం కూడా సీమదే.

మార్కాపురం పేరు వినగానే నా వయసువాళ్లకు గుర్తొచ్చేది పలక. తెలుగునాట బడికెళ్లిన పిల్లల సంచుల్లో ఒకప్పుడు ఈ ఊరి పలకలే ఉండేవి. భూమిలోంచి తీసిన రాయిని పొరలుగా చీల్చి, సైజుకు కోసి, నున్నగా చేసి, చుట్టూ చెక్క బిగిస్తే పలక. నోటు పుస్తకాలు వచ్చాక పలకల గిరాకీ తగ్గింది. ఆ రాయే ఇప్పుడు ఇళ్ల గోడలకూ నేలకూ పరిచే బండలుగా మారి దూరదేశాలకు వెళ్తోంది.

కంభంలో ఇద్దరు రైతులు ఎక్కారు. మాటలన్నీ చెరువు గురించే. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకు అడ్డంగా కట్ట వేసి, విజయనగర కాలంలో నిర్మించిన చెరువది. ‘‘చెరువుకు నీళ్లొస్తే ముక్క కలిసినట్టే అన్నా’’ అన్నాడు వాళ్లలో చిన్నవాడు. ‘‘రాకపోతే?’’ ‘‘రాకపోతే డ్రాపే!’’ ఇద్దరూ నవ్వుకున్నారు.

వాళ్లు పేకాడేవాళ్లని చెప్పడం లేదు సుమా! ఆ మాటకొస్తే మనందరి నోటా జూదం మాటలే. పని జరిగితే ‘పాచిక పారింది’ అంటాం. ఆఖరి ఉపాయం ‘తురుపు ముక్క’. నిలబడనిది ‘పేకమేడ’. తేల్చుకోవాలంటే ‘బొమ్మా? బొరుసా?’. ఆట ఆడనివారి భాషలోకి కూడా ఇన్ని మాటలు వచ్చాయంటే, ఆడేవారి ఇళ్లలో ఇంకెన్ని మాటలుండాలి?

అత్త చెప్పిన లెక్క

మామకు డెబ్బై దాటాయి. అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ‘‘వచ్చినావా అబ్బయ్యా’’ అన్నాడు గానీ, నేనెందుకొచ్చానో తెలిసి ఇంకేమీ మాట్లాడలేదు. మాట్లాడిందంతా అత్తే.

ఒకప్పుడు మామ ఆడింది పదమూడు ముక్కల రమ్మీ. ఊరి బయట తోటలో చాప వేసుకుని ఆడేవారు. రాత్రి ఇంటికొచ్చి ఒకే ఒక్క మాట చెప్పేవాడట. ‘డ్రాప్’ అనో, ‘మిడిల్ డ్రాప్’ అనో, ‘ఫుల్ కౌంట్’ అనో. అత్త ఎన్నడూ పేకముక్క ముట్టుకోలేదు. కానీ ఆ మాటలకు అర్థాలన్నీ ఆమె నేర్చుకుంది.

రమ్మీ తెలియనివారి కోసం చెప్పుకుందాం. ముక్కలు పంచాక చూసుకుని, బాగాలేవని ఆడకుండానే పక్కన పెట్టేస్తే డ్రాప్. కొందరు దాన్నే ‘స్కూట్’ అంటారు. దానికి సాధారణంగా 20 పాయింట్లు. కొంత ఆడి మధ్యలో తప్పుకుంటే మిడిల్ డ్రాప్, 40 పాయింట్లు. జోకర్ సాయం లేకుండా ఒకే రంగులో వరసగా కుదిరిన ముక్కలను ‘లైఫ్’ అంటారు. ఎదుటివాడు ‘షో’ అని ముక్కలు పరిచే సమయానికి మన చేతిలో ఆ లైఫ్ లేకపోతే మిగతా ముక్కలు ఎంత బాగా కలిసినా లాభం లేదు. ఫుల్ కౌంట్, 80 పాయింట్లు.

‘‘పాయింటు అయిదు రూపాయలు పెట్టుకునేటోళ్లు. డ్రాపంటే నూరు. మిడిల్ డ్రాపంటే రెండు నూర్లు, ఆ రోజుల్లో ఒక యూరియా బస్తాకు దగ్గర దగ్గర. ఫుల్ కౌంటంటే నాలుగు నూర్లు, కలుపుకొచ్చే ఏడెనిమిది మంది ఆడోళ్ల కూలి. మీ మామ పాయింట్లలో చెప్పేటోడు, నేను బస్తాల్లో లెక్కేసుకునేదాన్ని’’ అంది అత్త.

రమ్మీలో పోయింది కొంచెం కొంచెంగానే పోయింది. రెండెకరాల మెట్ట పోయింది మాత్రం ‘పోయింది రాబట్టుకుంటా’ అన్న మాటతో. ఆ మాట ప్రతి జూదగాడి నోటా వస్తుంది. రాబట్టుకోవడానికి రమ్మీ సరిపోదు, అది నెమ్మది. అందుకే మామ ‘లోపల – బయట’కు దిగాడు. ఒక ముక్కను నడిమధ్య తెరిచి పెడతారు. ఆపైన లోపలికొకటి, బయటికొకటి ముక్కలు వేస్తూ పోతారు. ఆ ముక్కకు జత ఎటు పడితే అటు కాసినవాళ్లకు డబ్బు. ఇందులో తెలివితో పనిలేదు. నిమిషంలో ఒక ఆట అయిపోతుంది. రమ్మీలో రాత్రంతా కూర్చుంటే పోయేది, ఇందులో అరగంటలో పోతుంది.

మూడు ముక్కలాటా అంతే. ముక్కలు చూడకుండా పందెం కాస్తే ‘బ్లైండ్’, చూసి కాస్తే ‘సీన్’. ముక్కలు చూడనివాడు తక్కువ పెడితే సరిపోతుందని నిబంధన. అది దయ కాదు, ఆటలోంచి లేవకుండా ఉంచే ఏర్పాటు. మూడూ ఒకే ముక్కలు వచ్చే అవకాశం సుమారు 425 ఆటల్లో ఒక్కసారి. అది పడిన రోజు గురించే జనం చెప్పుకుంటారు. మిగతా 424 గురించి ఎవరూ చెప్పరు.

రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆట అనీ, మూడు ముక్కలాట లాంటివి కేవలం అదృష్టం మీద ఆధారపడేవనీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఒక కేసులోనే 1960లలో సుప్రీంకోర్టు తేడా చెప్పింది. అయితే ఆడించేవాడు పందెం సొమ్ములోంచి లాభం తీస్తుంటే అది నేరమయ్యే వీలుందని కూడా అదే తీర్పులో ఉంది. ఊళ్లలో మొదటి ముక్కే అందరికీ గుర్తుండిపోయింది!

పత్తి ధర నుంచి పుట్టిన నంబరు

రాయలసీమను ఆనుకుని ఉన్న ఊళ్లు కాబట్టి మట్కా మాటలూ ఇక్కడివారికి కొత్త కాదు. ‘ఓపెన్’, ‘క్లోజ్’, ‘బ్రాకెట్’, ‘బీటర్’, ‘కంపెనీ’... ఇవి ఏ వ్యాపారం మాటలో అనిపిస్తాయి కదూ? నిజానికి పుట్టింది వ్యాపారంలోనే. న్యూయార్క్ పత్తి మార్కెట్లో ఉదయం తెరిచే ధర, సాయంత్రం మూసే ధర టెలిప్రింటర్ మీద బొంబాయి చేరేవి. ఆ అంకెల మీద పందేలు కాసేవారు. 1960ల మొదట్లో ఆ ధరలు రావడం ఆగిపోతే, నిర్వాహకులు చీటీల మీద అంకెలు రాసి కుండలో వేసి తీయడం మొదలుపెట్టారు. కుండను హిందీలో మట్కా అంటారు. పత్తి ధర పోయినా ఓపెన్, క్లోజ్ అన్న పేర్లు అలాగే ఉండిపోయాయి. పత్తి పండించే రైతు, పత్తి మార్కెట్ నుంచి పుట్టిన జూదంలో పత్తి డబ్బు పోగొట్టుకున్నాడన్నమాట.

చీటీ రాసేవాడు బీటర్. వెనకుండి నడిపేవాడు కంపెనీ. ఓపెన్ అంకె, క్లోజ్ అంకె రెండూ కలిపి చెబితే బ్రాకెట్. 00 నుంచి 99 దాకా వంద జతలుంటాయి. తగిలితే రూపాయికి 90 ఇస్తామంటారు, కొన్నిచోట్ల ఇంకా తక్కువ. వంద జతలకూ తలా రూపాయి కాస్తే వంద పెట్టి తొంభై తీసుకున్నట్టు. మిగిలిన పది కంపెనీది. ఏ అంకె వచ్చినా, ఎవడు గెలిచినా, ఆ పది మాత్రం ఎక్కడికీ పోదు. దీనికి కలలో కనబడిన నంబరూ, సాధువు చెప్పిన నంబరూ అడ్డురావు.

హౌస్ అంటే ఎవరిల్లు?

ఇక బామ్మర్ది సంగతి. పాతికేళ్లవాడు. డిగ్రీ చదివి మార్కాపురంలో ఓ దుకాణంలో లెక్కలు రాస్తాడు. ‘‘బావా, నేనేమన్నా తోటలోకి పోయానా? క్లబ్బుకు పోయానా?’’ అన్నాడు ముందే. అత్త తలదించుకుంది. ‘‘నిజమే అల్లుడూ. మీ మామ బయటికి పోతే గుండె దడదడలాడేది. వీడు ఇంట్లోనే ఉన్నాడు గదా అని నేను నిమ్మళంగా నిద్రపోయినాను.’’

ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట ఏదైనా, నైపుణ్యమైనా అదృష్టమైనా, నడపకూడదు. పేరున్న యాప్‌లు డబ్బు ఆటలు ఆపేశాయి. మావాడి ఫోన్లో ఉన్నది వాటిలో ఒకటి కాదు. ఎవరో గ్రూపులో పంపిన లింకు. నడిపేవాడు ఏ దేశంలో ఉన్నాడో కూడా తెలియని సైటు. దాన్ని తెరిచి, అత్తకు ఒక్కో మాటా చెప్పుకుంటూ వచ్చాను.

చిప్స్: క్యాసినోలో నోట్లకు బదులిచ్చే రంగు బిళ్లలు. ఫోన్లో అయితే నాణేల బొమ్మలు. అయిదు వందల నోటు తీసి ఇవ్వాలంటే చెయ్యి వెనక్కి లాగుతుంది. అయిదు బిళ్లలు నెట్టాలంటే లాగదు. బిళ్లలు పెట్టినందువల్ల ఆడించేవాడికి కలిగే లాభాల్లో ఇదొకటి.

బోనస్, వేజర్: ‘వెయ్యి రూపాయలు ఉచితం’ అంటారు. కింద చిన్న అక్షరాల్లో ‘30 రెట్ల వేజర్’ అని ఉంటుంది. అంటే ఆ బోనస్‌ను బయటికి తీసుకోవాలంటే ముందు 30 వేల రూపాయల పందేలు కాయాలి. వందకు నాలుగు చొప్పున పోయే ఆటలో 30 వేలు కాస్తే సగటున పోయేది 1,200. వెయ్యి ఇచ్చి పన్నెండొందలు తీసుకోవడమే బోనస్. ‘‘ఇది బోనసు కాదు, ఎర’’ అంది అత్త.

హౌస్ ఎడ్జ్: ‘‘హౌస్ అంటే ఇల్లు గదా. ఎవరిల్లు?’’ అని అడిగింది. క్యాసినో భాషలో హౌస్ అంటే మనిల్లు కాదు, ఆడించేవాడు. ఎడ్జ్ అంటే ప్రతి పందెంలో లెక్క ప్రకారం అతనికి మిగిలే వాటా. రూలెట్ చక్రం సంగతే చూడండి. యూరప్ చక్రంలో సున్నాతో కలిపి 37 గళ్లుంటాయి. ఒక అంకె మీద రూపాయి కాసి గెలిస్తే, కాసిన రూపాయితో కలిపి 36 ఇస్తారు. గళ్లు 37, ఇచ్చేది 36. ఆ ఒక్క సున్నా గడితోనే క్యాసినో మేడలు లేస్తాయి. వాటా నూటికి 2.7. అమెరికా చక్రంలో రెండు సున్నాలు, వాటా నూటికి 5.26. ఇందులో మోసమేమీ అక్కర్లేదు. చక్రం నిజాయతీగా తిరిగినా చాలు.

ఆర్‌టీపీ: ‘ఆర్‌టీపీ 96’ అని గొప్పగా రాసుకుంటారు. కాసిన వందలో సగటున 96 ఆటగాళ్లకు తిరిగొస్తుందని అర్థం. ‘‘నాలుగే గదా పోయేది?’’ అన్నాడు బామ్మర్ది. ఒక్కసారి కాసి లేచిపోతే నాలుగే. తిరిగొచ్చిన 96ను మళ్లీ కాస్తే 92 చిల్లర. ఇలా ఇరవై సార్లు తిప్పితే వందలో సగటున మిగిలేది 44. ఫోన్లో ఇరవై సార్లు తిప్పడానికి పట్టేది కొద్ది నిమిషాలు. వాడు లెక్కలు రాసే కుర్రాడు. కాలిక్యులేటర్ తీసి తనే కొట్టి చూసుకున్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

విత్‌డ్రా: గెలిచిన డబ్బు తీసుకోవడం. డబ్బు వేయడానికి ఒక నొక్కు చాలు. తీయడానికి గుర్తింపు కార్డులు, గడువులు, ‘పెండింగ్’ అనే పచ్చ అక్షరాలు. ఆ గడువులోగా మళ్లీ ఆడేస్తాడని వాళ్ల ధీమా. పైగా చట్టానికి బయట ఉన్న సైటు డబ్బు ఎగ్గొడితే ఎవరికి చెప్పుకోవాలి?

తాండ్ర చెట్టు నీడ

సాయంత్రం మామే నన్ను పొలం వైపు తీసుకెళ్లాడు. ఎండిపోయిన బోర్లు మూడు చూపించాడు. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచి ‘పాయింటు’ పెట్టినవాడు చెప్పిన చోట ఒకటి, మిషన్‌తో చూసినవాడు చెప్పిన చోట రెండు. ఇక్కడ పాయింటు అంటే రెండర్థాలున్నాయని అప్పుడు తట్టింది. ‘‘సేద్యం మాత్రం జూదం కాదా మామా?’’ అన్నాను.

ఆయన అప్పుడు మాట్లాడాడు. ‘‘బోరు పడకపోతే డబ్బు పోతది, భూమి ఉంటది. వానొస్తే మళ్లా దున్నుకోవచ్చు. నేను ఆడిన ఆటలో భూమే పోయింది. రెండూ ఒకటేనని నేనూ అనుకున్నానబ్బయ్యా... ఆడేటప్పుడు.’’

దూరంగా నల్లమల నల్లగా కనిపిస్తోంది. గిద్దలూరు దాటిన రైలు దిగువమెట్ట మీదుగా ఆ అడవిలోకే వెళ్తుంది. ఆ అడవిలో తాండ్ర చెట్లున్నాయి. త్రిఫల చూర్ణంలో వేసే తానికాయ ఆ చెట్టుదే. వేదకాలంలో జూదానికి పాచికలుగా వాడింది ఆ కాయలనే. రుగ్వేదం పదో మండలంలో ఒక సూక్తం మొత్తం జూదగాడి గోడు. అప్పులు, దూరమైన భార్య, ఛీకొట్టిన అత్తగారు, అన్నీ అందులో ఉన్నాయి. చివరికి అతనికి దొరికిన సలహా పొలం దున్నుకొమ్మని. నలమహారాజును వదిలిన కలి వెళ్లి దాక్కున్నది కూడా తాండ్ర చెట్టులోనేనని భారతం చెబుతుంది. వేల ఏళ్లుగా ఆట పేర్లు మారాయి. ఇంటి గోడు మాత్రం మారలేదు.

పలక మీద పద్దు

రాత్రి భోజనాలయ్యాక అత్త అటక మీంచి ఒక పాత పలక దింపింది. మార్కాపురం పలక. బామ్మర్ది ఒకటో తరగతిలో రాసుకున్నదట. చెక్క చట్రం ఒక మూల ఊడింది. కొంగుతో తుడిచి, బలపం తీసుకుని మధ్యలో ఒక గీత గీసింది. ఎడమ పక్కన ‘వేసింది’, కుడి పక్కన ‘తీసింది’ అని రాసింది.

‘‘నీ బ్యాంకు లెక్క చదువు నాయనా. బోనసు, చిప్సు, ఆర్‌టీపీ ఏదీ వద్దు. వేసింది, తీసింది. అంతే.’’

వాడు ఫోన్ తెరిచి చదివాడు. మొదట్లో గొంతు మామూలుగానే ఉంది. అయిదు వందలు, వెయ్యి, రెండు వేలు. తర్వాత తర్వాత అంకెలు పెద్దవవుతుంటే గొంతు చిన్నదైంది. ఏడు నెలల్లో వేసింది 1,86,000. తీసింది 41,500. తేడా 1,44,500. అందులో సగానికి పైగా స్నేహితుల దగ్గరా లోన్ యాప్‌లోనూ తెచ్చిన అప్పు.

‘‘నేను ఇరవై వేలు పోయిందనుకున్నా బావా’’ అన్నాడు. అబద్ధం కాదు. గెలిచిన రోజులు గుర్తుంటాయి. పోయిన రోజులు ‘రేపు రాబట్టుకుంటా’ అనే ఖాతాలోకి వెళ్లిపోతాయి. అన్నీ ఒకచోట రాసుకున్నప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

ఆ రాత్రే సైటు ఖాతా మూయించాం. వాడి బ్యాంకు యాప్‌లో రోజువారీ పరిమితి తగ్గించాం. అప్పిచ్చిన స్నేహితులకు వాడిచేతే నిజం చెప్పించాం. తాళం వేస్తే సరిపోదు, మనసు లాగుతూనే ఉంటుంది కాబట్టి టెలీ మానస్ నంబరు 14416 వాడి ఫోన్లో వేశాను. తెలుగులో మాట్లాడతారు, డబ్బు అడగరు. ఇలాంటి సైట్లలో మోసపోతే వెంటనే ఫిర్యాదు చేయాల్సిన నంబరు 1930. ఇవి మీ ఇంట్లోనూ ఎక్కడో ఒకచోట రాసి పెట్టుకోండి.

మర్నాడు పొద్దున్నే నేను రైలుకు బయల్దేరుతుంటే పలక అలాగే గూట్లో నిలబెట్టి ఉంది. అంకెలు చెరిగిపోలేదు. బామ్మర్ది దాన్ని తీసి తుడవబోయాడు.

‘‘ఉండనీరా’’ అన్నాడు మామ అరుగు మీంచి. ‘‘నా లెక్క అట్లా ఎవరూ రాయలేదు.’’

అత్త బలపం తీసి పలక పక్కనే పెట్టింది. కింద ఇంకో గీత గీసి ఉంది. ‘తీర్చింది’ అని రాసి, ఎదురుగా ఖాళీ వదిలింది.